నిలబడితే మరిచిపోయే సరంగు

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన మన అండమాన్ దీవుల పిల్లలు ఎప్పుడైనా ఇంటికొస్తే, "ఆంటీ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. సునామీ నాటి సంగతులు చెబుతానని ఎదురు చూస్తారు. అవి చెప్పడానికి నాకంటే పెద్దవాళ్ళు ఉన్నారు. నేను చెప్పేది ఒక్క చుక్క నెత్తురు కారని, ఒక్క కుట్టు పడని కేసు. అందులో మొదటి తప్పు చేసింది కూడా నేనే. మీలో చాలామందికి తెలుగు మాట్లాడినంత సులువుగా చదవడం రాదని తెలుసు. కష్టమైతే మీ అమ్మచేత చదివించుకుని వినండి. మధ్యలో మాత్రం లేచి వెళ్ళకండి.

అప్పటికి నా రిటైర్మెంటుకు రెండేళ్ళు కూడా లేవు. కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీలో నేను సిస్టర్ ఇన్‌ఛార్జిని. పొద్దున్నే డెలానీపూర్ క్వార్టర్స్ నుంచి బయల్దేరి ఎనిమిదింటికల్లా టేబుల్ ముందు కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళ బీపీ, నాడి, జ్వరం చూసి, చీటీ మీద రెండు ముక్కలు రాసి డాక్టరు గదిలోకి పంపడం నా పని. ముప్పై ఏళ్ళకు పైగా అదే పని చేసినదాన్ని. గుమ్మంలోంచి మనిషి నడిచి వచ్చే తీరు చూసే సగం రోగం చెప్పేస్తానని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ గర్వంతోనే ఆ సరంగును మొదటిసారి చూశాను.

సరంగు అంటే తెలుసుగా, ఫెర్రీ నడిపే మనిషి. హార్బరుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు స్కూటర్లనీ, జీపులనీ, జనాన్నీ దాటించే ఫెర్రీలో పన్నెండేళ్ళుగా చక్రం అతని చేతిలోనే ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. మా తాతలాగే వాళ్ళ నాన్న కూడా స్వతంత్రం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడికి వచ్చి డింగీ అనే చిన్న పడవ వేసుకుని చేపలు పట్టినవాడు. ఆ ఇంట్లో పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, నెలజీతానికి ఓడ నడిపిన మొదటివాడు ఇతనే.

"దీదీ, కరోనా వొచ్చి పోయి మూణ్ణెల్లయింది. దగ్గు లేదు, ఆయాసం లేదు. గానీ బుర్రలో మబ్బు పట్టీసినట్టుంటాది. చక్రం కాడ నిలబడ్డానంటే కాసేపటికి ఏటి సెయ్యాలో తెలీదు. మాట నోటికి రాదు" అన్నాడు.

బీపీ చూశాను, బాగుంది. నాడి బాగుంది. ఆక్సిజన్ బాగుంది. ఆ రోజుల్లో ఇలాంటి మాటలు రోజూ వినేదాన్ని. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నానని ఒకామె, చదివిన పేజీయే మళ్ళీ చదువుతున్నానని ఒక టీచరు. "జబ్బు తగ్గినా భయం తగ్గలేదు భయ్యా. వారం రోజులు బాగా తిని పడుకోండి, అదే పోతుంది" అని ధైర్యం చెప్పి, చీటీ మీద 'ఆందోళన ఎక్కువ, మరేమీ లేదు' అని ఇంగ్లీషులో రాశాను. రద్దీలో డాక్టరు దాని కిందే విటమిన్ మాత్రలు రాసి సంతకం పెట్టారు.

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మీకు చెప్పినంత సేపు కూడా పట్టలేదు అదంతా.

తర్వాత జరిగింది అతని భార్య చెబితే తెలిసింది. ఒక రోజు మధ్యాహ్నం ఫెర్రీ నిండా జనం. హార్బరు మధ్యకు వచ్చేసరికి ఎదురుగా కనబడుతున్న జెట్టీ ఏమిటో, దాని దగ్గరకు ఎటు తిప్పి వెళ్ళాలో అతనికి తోచలేదు. పన్నెండేళ్ళు రోజూ చూసిన జెట్టీ అది. ఇంకొకడైతే ఎలాగోలా లాగించేవాడేమో. ఇతను ఇంజను స్పీడు తగ్గించి, పక్కనున్న లస్కరును, అంటే తాళ్ళు అందుకునే సహాయకుణ్ణి, పిలిచి, "చక్రం పట్టుకో, నా వల్ల కాదు" అని ఒప్పగించేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. దిగినవాళ్ళకు ఏదో జరిగిందని కూడా తెలియదు. దిగగానే తనే ఆఫీసుకు నడిచి వెళ్ళి, "నన్ను చక్రం కాడ పెట్టకండి సార్" అని చెప్పాడు.

తాగాడేమోనని ఊదించి చూశారు. తాగలేదు. దాంతో ఆఫీసులో ఇంకో మాట పుట్టింది. ఒడ్డు మీద కూర్చుని చేసే పని కోసం నాటకం ఆడుతున్నాడని. పక్కన పనిచేసినవాళ్ళే, "క్యా సరంగ్ భయ్యా, ఆజ్ ఘర్ కా రస్తా యాద్ హై?" అని, ఇవాళ ఇంటి దారైనా గుర్తుందా అన్నట్టు నవ్వారట. చివరికి మెమో వచ్చింది. మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. బోర్డు బాగున్నాడని రాస్తే చక్రం పట్టాలి. పట్టకపోతే క్రమశిక్షణ చర్య.

అతని ఇరకాటం చూడండి. చక్రం పడితే ఏదో ఒకరోజు జనం నీళ్ళలో పడతారని అతనికి తెలుసు. పట్టనంటే ఉద్యోగం పోతుంది.

బోర్డుకు రెండు వారాల ముందు భార్యను వెంటబెట్టుకుని మళ్ళీ మా ఓపీకి వచ్చాడు. వానల కాలం, డెంగీ అనుమానం కేసులతో బల్లలన్నీ నిండిపోయాయి. ముప్పావుగంట లైనులో నిలబడి నా టేబుల్ దగ్గరకు వచ్చాడు. చీటీ మీద రాయడానికి ఇల్లు ఎక్కడని అడిగాను. నోరు తెరిచాడు. మాట రాలేదు. భార్య వైపు చూశాడు. మొహం బూడిద రంగుకు తిరిగింది. మా వార్డు అటెండెంటు, ఒకప్పుడు రాంచీ వైపు నుంచి కూలికి వచ్చి స్థిరపడిన కుటుంబంలోని ముసలాయన, గబుక్కున చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి కర్టెన్ వెనక మంచం మీద పడుకోబెట్టాం. బీపీ చూశాను. బాగానే ఉంది. నేను మళ్ళీ లైను వైపు తిరిగాను.

పావుగంట తర్వాత కర్టెన్ వెనక నుంచి భార్యతో చెబుతున్న అతని గొంతు వినబడింది.

"ఆ ఎక్స్‌రే కవరు టీవీ కింద రెండో అరలో ఎట్టాను. రేషన్ కార్డు పక్కన. దాని మీద నీలం పెన్నుతో తారీకు రాసీసి ఉంటాది సూడు."

ఇంటి పేట పేరు చెప్పలేని మనిషి ఇతనేనా అనిపించి కర్టెన్ తీశాను. కళ్ళు తేటగా ఉన్నాయి. ఏం అడగాలో తోచక, "భయ్యా, సముద్రం ఆటు తీసేటప్పుడు ఫెర్రీని జెట్టీకి ఎలా ఆనిస్తారు?" అన్నాను. పడుకునే చెప్పాడు. నీరు ఎటు లాగుతుందో, గాలి ఏ వైపు ఉంటే ఎంత ముందే ఇంజను తగ్గించాలో, ముందు ఏ తాడు విసరాలో, ఒక్క చోట ఆగకుండా చెప్పాడు.

"ఇప్పుడు లేచి నిలబడి మళ్ళీ చెప్పండి."

గోడకు ఆనుకుని నిలబడి మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు బాగానే చెప్పాడు. తర్వాత మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. అయిదో నిమిషంలో, "తాడు... తాడు ఏటి సెయ్యాలి దీదీ" అని నన్నే అడిగాడు. అప్పుడు నాడి పట్టుకున్నాను. నూట ఇరవై రెండు. పడుకోబెట్టి మళ్ళీ చూశాను. కాసేపటికి డెబ్బై ఆరుకు దిగింది. బీపీ మాత్రం రెండుసార్లూ దాదాపు ఒకేలా ఉంది. అందుకే మా మిషను ఏనాడూ మాకేమీ చెప్పలేదు. అదీకాక, నేను అన్నేళ్ళుగా అందరినీ కుర్చీలో కూర్చోబెట్టే చూశాను.

భార్య మంచం కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. "ఇంటికాడ కూడా ఇంతే అక్కా. పడుకున్నప్పుడు అన్నీ సరిగ్గా సెబుతాడు. బజారుకెళ్తే ఏటి కొనాలో మర్సిపోయి వొట్టి సేతుల్తో వొస్తాడు. నానూ నాటకమే అనుకున్నాను. మొన్న తిట్టీసాను కూడా" అంది. అతను భార్య వైపు చూడలేదు. నాకు నా చీటీ గుర్తొచ్చి, నేను ఆమె వైపు చూడలేకపోయాను.

అప్పట్లో మా దగ్గర ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది. డిగ్లీపూర్ దగ్గర వరి పండించే బెంగాలీ కుటుంబంలో పుట్టి, మెయిన్‌ల్యాండులో చదువుకుని, కాంట్రాక్టు మీద వచ్చిన అమ్మాయి. పెద్ద డాక్టర్లు ఆమెను ఇంకా విద్యార్థినిలాగే చూసేవారు. నేను కాగితం మీద రాసుకున్న రెండు అంకెలూ చూపిస్తే కుర్చీలోంచి లేచింది. "దీదీ, మీకు ఇది ఎవరు చెప్పారు?" అంది. ఎవరూ చెప్పలేదు, బల్లలు నిండిపోయి అతను నిలబడాల్సి వచ్చింది కాబట్టి తెలిసిందన్నాను.

వరసగా నాలుగు రోజులు పొద్దున్నే అతన్ని పిలిపించింది. పది నిమిషాలు పడుకోబెట్టడం, పది నిమిషాలు నిలబెట్టడం, నిమిషం నిమిషం నాడి రాయడం. వాచీ చూస్తూ నిమిషాలు కేక వేసేది మా అటెండెంటు. కాళ్ళను బిగించి పట్టే పొడవాటి నొక్కు మేజోళ్ళు దొరక్కపోతే మామూలు క్రేప్ బ్యాండేజీ కాళ్ళకు చుట్టి కూడా చూసింది. చుట్టిన రోజు నాడి అంత పెరగలేదు, మాటా అంత తడబడలేదు.

అయిదో రోజు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెబుతాను. మనం లేచి నిలబడగానే నెత్తురు కాళ్ళలోకి జారుతుంది. మనకు తెలియకుండానే కొన్ని నరాలు కాళ్ళలోని రక్తనాళాలను బిగించి దాన్ని పైకి పంపుతాయి. కొందరిలో వైరస్ వెళ్ళిపోయినా, దాంతో పోరాడటానికి లేచిన రక్షణ కణాలు సద్దుమణగవు. ఆ గొడవలో ఈ నరాల పని చెడుతుంది. రక్తనాళాల లోపలి పొర కూడా దెబ్బతినవచ్చు. నాళాలు బిగుసుకోవు, గుండె ఎంత పరుగెత్తినా మెదడుకు అందాల్సినంత నెత్తురు అందదు. అందనప్పుడు మొదట పోయేది జ్ఞాపకం, మాట, నిర్ణయం. "మెదడులోని కాపలా కణాలు కూడా చాలా కాలం రేగి ఉంటాయని అంటున్నారు. అన్నీ ఇంకా పూర్తిగా తెలియవు. కానీ మీకు జరుగుతున్నది శరీరంలో జరుగుతోంది. మీరు కల్పించింది కాదు" అంది.

సరంగు దాన్ని తన భాషలోకి తిప్పుకున్నాడు. "పంపు గట్టిగానే తిరుగుతోంది. పై ట్యాంకుకి నీళ్ళు ఎక్కట్లేదు. అంతేనా మేడమ్?"

"అంతే."

"అయితే నాకు పిచ్చి కాదన్నమాట" అని గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అన్ని రోజులూ ఆ భయం ఒక్కడే మోస్తున్నాడని అప్పటిదాకా భార్యకు కూడా తెలియదు.

ఇక బోర్డు రోజు.

ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్నది మా పెద్ద డాక్టరుగారు. చెడ్డ మనిషి కాదు. చాలా చూసిన మనిషి, అందుకే ఏదీ రెండోసారి చూడనవసరం లేదనుకునే మనిషి. ఆ విషయంలో ఆయనకూ నాకూ తేడా లేదు. ఫైళ్ళు అందించడానికి నేను, రిపోర్టు ఇవ్వడానికి చిన్న డాక్టరమ్మ ఒక పక్కన నిలబడ్డాం. బయట ఇంకా చాలామంది ఎదురు చూస్తున్నారు.

సరంగును కుర్చీలో కూర్చోమన్నారు. తారీకు అడిగారు, చెప్పాడు. వందలోంచి ఏడేడు తీసుకుంటూ పొమ్మంటే తడుముకోకుండా పోయాడు. స్కాను బాగుంది, ఈసీజీ బాగుంది. చిన్న డాక్టరమ్మ రిపోర్టును పెద్దాయన పైపైన చూసి పక్కన పెట్టారు. ఫైలు తిరగేసి ఒక చీటీ బయటికి తీశారు.

"సిస్టర్, ఇది మీ చేతిరాతే కదా? ఆందోళన ఎక్కువ, మరేమీ లేదు అని మీరే రాశారు. ఇంత సీనియరు మీరు. మీ మాట కాదనడానికి నాకేం కారణం కనబడటం లేదు."

నా సర్వీసంతటిలో డాక్టర్ల ముందు నేను ఎక్కువ మాట్లాడింది లేదు. సరంగు నా వైపు చూడకుండా తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని అలా చూస్తున్నాడని అర్థమైంది. అది చూశాకే మాట వచ్చింది.

"అవును సర్, నేనే రాశాను. తప్పు రాశాను. కూర్చోబెట్టి చూసి రాసేశాను. ఈయనకు జబ్బు నిలబడితే వస్తుంది. ఈయన ఉద్యోగం నిలబడి చేసేది. ఇరవై నిమిషాలు ఇవ్వండి, మీరే చూడండి."

పెద్దాయన గడియారం చూశారు, చిన్న డాక్టరమ్మను చూశారు. ఆమె కళ్ళు దించుకోలేదు. "సరే" అని ఆయన లేచారు. "నాడి మాత్రం నేనే పట్టుకుంటాను."

పది నిమిషాలు పడుకోబెట్టాం. ఆయనే లెక్కపెట్టారు. డెబ్బై నాలుగు. తర్వాత గోడకు ఆనించి నిలబెట్టాం. మణికట్టు వదలకుండా ఆయన పక్కనే నిలబడి కుర్చీలో అడిగిన ప్రశ్నలే మళ్ళీ మొదలుపెట్టారు. రెండో నిమిషంలో సరిగ్గా చెప్పాడు. నాలుగో నిమిషంలో తారీకు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆరో నిమిషంలో వందలోంచి ఏడు తీయమంటే తొంభై మూడు అన్నాడు, తర్వాత ఆగిపోయాడు.

"మీ ఫెర్రీ పేరేమిటి?"

పన్నెండేళ్ళు నడిపిన ఫెర్రీ. సరంగు పెదవులు కదిలాయి. నుదుటి మీద చెమట పోసింది. పేరు రాలేదు.

అప్పుడు చిన్న డాక్టరమ్మ నెమ్మదిగా, "సర్, పాదాలు చూడండి" అంది.

పెద్దాయన వంగి చూశారు. నేనూ చూశాను. మంచం మీద మామూలుగా ఉన్న పాదాలు ఇప్పుడు చీలమండల దాకా వంకాయ రంగుకు తిరిగి ఉన్నాయి. నెత్తురు ఎక్కడ ఆగిపోయిందో కంటికే కనబడుతోంది. ఆయన వేలితో నొక్కారు. తెల్లటి మచ్చ పడి చాలాసేపు అలాగే ఉంది.

"నూట ఇరవై ఎనిమిది" అన్నారు, తనలో తాను. వెంటనే గొంతు పెంచి, "పడుకోబెట్టండి, పడుకోబెట్టండి" అని తనే భుజం పట్టారు.

మంచం మీద పడుకున్న మూడు నిమిషాలకు ఎవరూ అడగకుండానే సరంగు ఫెర్రీ పేరు చెప్పాడు. దాని నంబరు కూడా చెప్పాడు.

పెద్ద డాక్టరుగారు కుర్చీలో కూర్చుని కలం తీశారు. తర్వాత రాశారు. చక్రం డ్యూటీకి తాత్కాలికంగా పనికిరాడు, వైద్యం జరుగుతోంది, ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష, అప్పటిదాకా కూర్చుని చేసే పని. చివర్న ఇంకో వాక్యం రాసి పైకి చదివారు. ఇది నటన కాదు, వైరస్ జ్వరం తర్వాత వచ్చిన శరీర వ్యాధి. ఆ కాగితం చిన్న డాక్టరమ్మ ముందుకు తోసి, "నా సంతకం పక్కన మీ సంతకం కూడా పెట్టండి" అన్నారు. ఆ అమ్మాయికి ఆ ఆసుపత్రిలో అది మొదటి గౌరవం.

బయట భార్యకు నేనే చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా భుజం మీద తల వాల్చింది. మా అటెండెంటు మాత్రం కారిడార్ అంతా వినబడేలా "పాస్ హో గయా" అన్నాడు. ఫెయిలై పాసైన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు పాత ఓపీ రిజిస్టర్లు తీసి కూర్చున్నాను. నా చేతిరాతతో 'ఆందోళన' అని ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ ఫోను చేసి పిలిపించాం. కొందరికి ఇదే జబ్బు తేలింది. కొందరికి నిలబెట్టినా నాడి మామూలుగానే ఉంది, అయినా బుర్ర పనిచేయడం లేదు. వాళ్ళ కారణం వేరే ఎక్కడో ఉందని చిన్న డాక్టరమ్మ వాళ్ళను పక్కన పెట్టకుండా చూస్తూ వచ్చింది. కొందరికి నిజంగానే ఆందోళన. ఒక మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారు స్వయంగా ఓపీకి వచ్చి, "సిస్టర్, ఎంతసేపు పడుకోబెట్టి లేపుతారు, ఒకసారి నాకు చూపించండి" అన్నారు. చూపించాను. నా జీవితంలో అంత మెల్లగా, అంత మర్యాదగా నేను ఎవరికీ ఏదీ నేర్పలేదు.

సరంగు తేరుకోవడం సులువుగా జరగలేదు. రోజంతా నీళ్ళు తాగడం, డాక్టరమ్మ చెప్పినంత ఉప్పు వేసిన గంజి, కొన్ని మాత్రలు. నొక్కు మేజోళ్ళు మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో వచ్చాయి. మన ఉక్కలో నడుం దాకా ఆ మేజోళ్ళు తొడుక్కోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నిలబడకుండా చేసే వ్యాయామం కావాలంటే అతనే ఉపాయం చెప్పాడు. "మా నాన్న డింగీ ఉంది కదా. కూకుని తెడ్డేస్తాను." భార్య ఎదురుగా కూర్చునేది, అతను ఒడ్డు వెంబడే తెడ్డేసేవాడు. మొదట అయిదు నిమిషాలు. ఒకసారి హుషారులో అరగంట వేసి, వారం రోజులు మంచం దిగలేదు. "అలసట వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలి" అని డాక్టరమ్మ కోప్పడింది. ఆ తర్వాత వాచీ భార్య చేతికి ఇచ్చేశాడు.

రెండో బోర్డుకు గోడకు ఆనుకుని పది నిమిషాలూ నిలబడ్డాడు. నాడి కొద్దిగానే పెరిగింది. ఏడేడు తీస్తూ రెండు దాకా పోయి, "ఇంకా కిందికి పోమంటారా సార్" అని అడిగాడు. ఆఫీసువాళ్ళు మొదట నెల రోజులు పక్కన ఇంకో మనిషిని పెట్టి, చక్రం దగ్గర ఎత్తు స్టూలు వేయించారు.

ఆ నెల గడిచాక ఒక ఉదయం ఫోను చేశాడు. "దీదీ, ఇయాల్టి నుంచి ఒక్కడినే."

సెలవు పెట్టి వెళ్ళాను. ఫెర్రీ నిండా స్కూటర్లు, కొబ్బరి బస్తాలు, బడి పిల్లలు. నన్ను పైన చక్రం గదిలోకి రమ్మన్నాడు. స్టూలు ఒక మూలకు జరిపి ఉంది. అతను నిలబడే ఉన్నాడు. హార్బరు మధ్యకు వచ్చాం. నేను అతని మొహం వైపే చూస్తున్నాను. అతను నా వైపు చూడలేదు, నీటి వైపు చూస్తున్నాడు. నీరు కుడివైపు లాగుతోంది. ముందే ఇంజను తగ్గించాడు, ఏ తాడు ముందు విసరాలో కిందికి కేకేసి చెప్పాడు. ఫెర్రీ జెట్టీకి ఆనిన సంగతి నాకు తెలియనే లేదు. స్కూటర్లు స్టార్టు చేసిన చప్పుడు వింటేనే తెలిసింది.

అప్పుడు మణికట్టు నా ముందుకు చాపాడు. "సూడండి."

పూర్తి నిమిషం లెక్కపెట్టాను.

"ఎంత?"

"ఎనభై ఎనిమిది."

అతను తల పంకించి, హారన్ తాడు మీద చెయ్యి వేశాడు. "దిగుతారా దీదీ, మల్లీ వొస్తారా?"

"పద" అన్నాను. ఆ రోజు ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ నాలుగుసార్లు తిరిగాను.